డెవలపర్లకు రాసేవారికి పది పెడసరి సలహాలు

డెవలపర్లు వాడే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో మీరు పనిచేస్తున్నారనుకుందాం. అది ఏపీఐ కావచ్చు, డేటాబేస్ కావచ్చు, టెస్టింగ్ టూల్ కావచ్చు. నలుగురు డెవలపర్లు దాన్ని వాడేలా వ్యాసాలూ పాఠాలూ రాయించే పని మీకు అప్పగించారు. ఈ సలహాలు మీకోసమే. వీటిని సోమవారం మీటింగ్‌లో చదివి వినిపిస్తే మార్కెటింగ్ మేనేజరు మొహం చిట్లిస్తారు, సేల్స్ వాళ్ళు మీ ఉద్యోగం గురించి బెంగపడతారు. వాళ్ళ లెక్కలో ఇవన్నీ కొంప ముంచే సలహాలే. నేను మాత్రం ప్రతి ఒక్కటీ మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఈ విద్య కొత్తదేమీ కాదు. నాగళ్ళు అమ్మే జాన్ డీర్ కంపెనీ 1895లోనే రైతుల కోసం ‘ది ఫర్రో’ అనే పత్రిక మొదలుపెట్టింది. టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో కార్లున్నవాళ్ళ కోసం ఒక గైడు అచ్చువేసి ఉచితంగా పంచింది. కొనేవాళ్ళకి ముందు పనికొచ్చే సంగతి చెబితే అమ్మకం దాని వెనకే వస్తుందని వాళ్ళకి తెలుసు. డెవలపర్ల విషయంలో ఆ సూత్రాన్ని చివరిదాకా పాటించాలి. ఎందుకంటే డెవలపర్లు చెప్పింది నమ్మరు, నడిపి చూస్తారు. మీరు ఎంత అందంగా రాసినా, కోడ్ కాపీ చేసి టెర్మినల్లో వేసిన నిమిషంలో మీ మాట నిజమో కాదో తేలిపోతుంది.

1. మీ సరుకు పేరు ఎత్తకుండా రాయండి

క్లౌడ్ సర్వర్లు అద్దెకిచ్చే డిజిటల్ ఓషన్ కంపెనీని చూడండి. ఉబుంటు మీద ఎన్‌జిన్‌ఎక్స్ ఎలా పెట్టాలి, ఎస్ఎస్‌హెచ్ కీ ఎలా తయారుచేసుకోవాలి, ఫైర్‌వాల్‌లో ఏ పోర్టు తెరవాలి అని వాళ్ళు పెద్ద పాఠాల గుట్టే పోగేశారు. బయటి రచయితలకు డబ్బిచ్చి మరీ రాయించారు. వాటిలో చాలా పాఠాలు అమెజాన్ సర్వర్ మీద చేసినా, ఇంట్లో మూలపడ్డ పాత లాప్‌టాప్ మీద చేసినా పనిచేస్తాయి. పరీక్ష ప్రాజెక్టు కోసం తెల్లవార్లూ సర్వర్‌తో కుస్తీపట్టిన విద్యార్థి ఆ పాఠంతో గట్టెక్కుతాడు. రెండేళ్ళ తర్వాత ఉద్యోగంలో సర్వర్ అద్దెకు తీసుకోవాల్సి వచ్చినప్పుడు అతనికి ముందు గుర్తొచ్చే పేర్లలో అదొకటి.

యాప్‌లు నడిపిపెట్టే క్లౌడ్ కంపెనీ హెరోకు వాళ్ళు 2011 ప్రాంతంలో రాసిన ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ అనే పన్నెండు సూత్రాల పత్రం కూడా ఇలాంటిదే. పాస్‌వర్డులూ సెట్టింగులూ కోడ్‌లో కాకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉంచాలన్న సూత్రం అందులోదే. హెరోకు ముఖం ఎన్నడూ చూడని ఇంజినీర్లు కూడా ఇవాళ ఆ పన్నెండు సూత్రాల పేరు చెబుతారు.

కాబట్టి మీ సరుకు అవసరం పడకముందు మనిషికి ఏ చిక్కు ఎదురవుతుందో కనిపెట్టండి. దాన్ని విప్పిచెప్పండి. పేరు అడుగున చిన్నగా ఉంటే చాలు.

2. జవాబంతా ఉచితంగా ఇచ్చేయండి, ఫోన్ నంబర్ అడగకండి

ఈ కిటుకు హైదరాబాద్ అమీర్‌పేటకి బాగా తెలుసు. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో కొత్త బ్యాచ్ మొదలవుతుందంటే ముందు ఫ్రీ డెమో క్లాస్ ఉంటుంది. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే పిల్లలు మూడు నాలుగు చోట్ల డెమోలు విని ఒక చోట ఫీజు కడతారు. గంటసేపు ఇన్‌స్టిట్యూట్ గొప్పలూ ప్లేస్‌మెంట్ కబుర్లూ చెప్పిన సారెవరో, బోర్డు మీద ఒక జాయిన్ క్వెరీని నిజంగా విప్పిచెప్పిన సారెవరో వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ఆ రెండో సారు డెమోలోనే పాఠం ఇచ్చేశాడు. అయినా ఆయన క్లాసే నిండుతుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు దీనికి ఎదురు నడుస్తాయి. సగం వ్యాసం చూపించి, మిగతాది చదవాలంటే పేరు, కంపెనీ, హోదా, మొబైల్ నంబర్ ఇమ్మంటాయి. డెవలపర్ దొంగ మెయిల్ ఐడీ ఇస్తారు, లేదా ఆ పేజీ మూసేస్తారు. నిజం నంబర్ ఇచ్చిన ఒకరిద్దరికీ మర్నాడే సేల్స్ ఫోన్ వస్తుంది. ఆ ఒక్క ఫోన్‌తో మీ మీద పుట్టిన చిరాకు ఏళ్ళ తరబడి పోదు.

మార్కస్ వినాండ్ అనే ఆయన డేటాబేస్ ఇండెక్సుల మీద ‘యూజ్ ది ఇండెక్స్, ల్యూక్’ అని ఒక పుస్తకమే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. అచ్చు పుస్తకం అమ్ముతారు, కంపెనీలకు శిక్షణ ఇస్తారు. ఉచితంగా చదివి ఆయన పనితనం చూసినవాళ్ళే డబ్బిచ్చి పిలుస్తారు.

3. మీది ఎవరికి పనికిరాదో మీరే చెప్పండి

ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ని రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టారు. ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ, ప్రతి ఐఫోన్‌లోనూ అది ఉంది. వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో ఎస్‌క్యూలైట్ ఎక్కడ వాడాలో చెప్పే పేజీ ఒకటుంది. ఎక్కడ వాడకూడదో కూడా ఆ పేజీలోనే ఉంది. ఒకే సమయంలో చాలామంది రాస్తుంటే వద్దు, డేటా ఒక చోట, ప్రోగ్రాం నెట్‌వర్క్ అవతల మరోచోట ఉంటే వద్దు, వేరే డేటాబేస్ చూసుకోండి అని తేల్చిచెబుతుంది. పెద్ద డేటాబేసులతో మాకు పోటీయే లేదు, మా పోటీ మామూలు ఫైల్ తెరిచి రాసుకునే పద్ధతితోనే అని కూడా చెప్పుకున్నారు.

ఇది చదివిన ఇంజినీరుకి రెండు లాభాలు. తన పనికి అది సరిపోదని తెలిస్తే వారం రోజుల శ్రమ మిగులుతుంది. సరిపోతుందని తెలిస్తే ఆ పేజీలోని మిగతా ప్రతి మాటా నమ్మబుద్ధవుతుంది. లోపం దాచనివాళ్ళు గుణం గురించి అబద్ధమెందుకు చెబుతారు?

మీరు కూడా నాలుగు వాక్యాలు రాయండి. సెకనుకి ఎన్ని రిక్వెస్టులు దాటితే మీ టూల్ నెమ్మదిస్తుంది, ఏ భాషకి లైబ్రరీ ఇంకా లేదు, మీ సర్వర్లు ఏ దేశంలో లేవు, ఎంతమంది యూజర్లు దాటాక మీ ధర గిట్టుబాటు కాదు. వీటిని అడుగున చిన్నక్షరాల్లో తొక్కిపెట్టకండి. మొదటి పేజీలోనే చెప్పండి. మీ టూల్ పనికిరాని కస్టమర్ ఒకరు చేరితే మీ సపోర్ట్ టీం నెలల తరబడి దానికి మూల్యం చెల్లిస్తుంది.

4. పోటీవాళ్ళ గొప్పతనం ఒప్పుకోండి

ఎడమవైపు మన పేరు, కుడివైపు పోటీదారుల పేర్లు, మన వరుసలో అన్నీ టిక్కులు, వాళ్ళ వరుసలో అన్నీ ఇంటూలు. ఇలాంటి పట్టికని ఏ డెవలపరూ నమ్మరు.

పైథాన్‌లో ఏపీఐలు రాసుకునే ఫాస్ట్‌ఏపీఐ ఫ్రేమ్‌వర్క్ డాక్యుమెంటేషన్‌లో తనకంటే ముందొచ్చిన వాటి గురించే ఒక పేజీ ఉంది. జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ నుంచి ఏం నేర్చుకున్నారో, ఫ్లాస్క్ నుంచి ఏం తీసుకున్నారో, రిక్వెస్ట్స్ లైబ్రరీలో ఏది నచ్చిందో పేరుపేరునా చెప్పారు. ఆ ఫ్రేమ్‌వర్క్ పరపతికి దానివల్ల వచ్చిన నష్టమేమీ లేదు. మీ పాఠకుల్లో చాలామంది ఇవాళ మీ పోటీదారు సరుకే వాడుతున్నారు. దాన్ని తిట్టడమంటే వాళ్ళ నిర్ణయాన్ని తిట్టడమే.

5. మీ సర్వర్ పడిపోయిన రోజు గురించి మీరే రాయండి

కంపెనీ పరువు తీసే పని ఏదైనా ఉంటే ఇదేనని చాలామంది అనుకుంటారు. డెవలపర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ కంపెనీలో 2017 జనవరి 31న జరిగింది చూడండి. రాత్రివేళ ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఉన్నాననుకుని అసలు సర్వర్‌లో డేటా డైరెక్టరీ తుడిచేశాడు. పొరపాటు గ్రహించి ఆపేసరికి దాదాపు 300 జీబీలో సుమారు నాలుగున్నర జీబీ మాత్రమే మిగిలింది. బ్యాకప్‌లు చూద్దామంటే, ఉన్నాయనుకున్న పద్ధతుల్లో ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు. డేటాబేస్ వెర్షన్ ఒకటి, బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్ మరొకటి కావడంతో రోజువారీ బ్యాకప్ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిళ్ళు కూడా మెయిల్ భద్రతా సెట్టింగుల వల్ల తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ వాళ్ళని కాపాడింది. ఆ మధ్యలోని ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

ఇదంతా లోకానికి ఎలా తెలిసిందంటే వాళ్ళే చెప్పారు. మరమ్మతు జరుగుతుండగానే తమ నోట్సు అందరికీ తెరిచిపెట్టారు, యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. తర్వాత పూర్తి నివేదిక ప్రచురించారు. అందులో ఆ ఇంజినీరు పేరు లేదు, ‘టీం సభ్యుడు 1’ అని మాత్రమే ఉంది. తప్పు మనిషి మీదికి నెట్టకుండా పద్ధతిలో వెతికారు. అది చదివిన ఎన్నో కంపెనీల ఇంజినీర్లు తమ బ్యాకప్‌లు నిజంగా తిరిగి లేస్తాయో లేదో చూసుకునేందుకు పరిగెత్తి ఉంటారు. అంతకంటే పనికొచ్చే వ్యాసం ఇంకేముంటుంది?

వెబ్‌సైట్లకు రక్షణ కల్పించే క్లౌడ్‌ఫ్లేర్ 2019 జులై 2న 27 నిమిషాలు కుప్పకూలింది. సరిగ్గా రాయని ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ప్రపంచమంతటా వాళ్ళ సర్వర్ల ప్రాసెసర్లని నూరు శాతం తినేసింది. అప్పటి సీటీవో జాన్ గ్రాహం-కమ్మింగ్ దాని మీద రాసిన నివేదికలో ఆ ఎక్స్‌ప్రెషన్ ఎందుకు అలా గిరగిరా తిరిగిందో అడుగడుగునా వివరించారు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు నేర్చుకునేవాళ్ళకి అది మంచి పాఠం.

మీ వంతు వచ్చినప్పుడు ‘కొందరు వినియోగదారులకు స్వల్ప అంతరాయం’ అని రాయకండి. ఏ గంటకి ఏం జరిగింది, అసలు కారణమేంటి, మీ తనిఖీలు దాన్ని ఎందుకు పట్టుకోలేకపోయాయి, ఇకముందు ఏం మారుస్తారు. ఈ నాలుగూ పూర్తిగా చెప్పండి.

6. రాసే పని తీరిక లేని ఇంజినీరుకే ఇవ్వండి

ఖాళీగా ఉన్నవాళ్ళతోనో, పదానికింత అని తీసుకునే బయటివాళ్ళతోనో రాయించడం సులువు. కానీ చదివేవాళ్ళకి కావలసిన సంగతులు ఆ పని చేసినవాళ్ళ దగ్గరే ఉంటాయి. ఫోన్ కాల్స్‌కి ఏపీఐ అమ్మే ట్విలియో సహ వ్యవస్థాపకుడు జెఫ్ లాసన్ తానే వేదికెక్కి స్లైడ్లు చూపించేబదులు అక్కడే కోడ్ రాసి సభలో ఉన్నవాళ్ళ ఫోన్లు మోగించేవారు.

మీ ఇంజినీరుకి రాసే అలవాటు లేకపోతే అరగంట కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేయండి. మొదట ఏ దారిలో వెళ్ళారు, ఎక్కడ ఆగిపోయారు, చివరికి ఏది తీసేశారు అని అడగండి. వాక్యాలు మీరు దిద్దండి, పేరు వాళ్ళది వేయండి. ఆ సమయం ఆఫీసు పని గంటల్లోనే ఇవ్వాలి. శని, ఆదివారాల్లో రాసుకురమ్మనడం అన్యాయం.

7. కొత్తవి ఆపేసి పాతవి బాగుచేయండి

వారానికి రెండు వ్యాసాలు రావాలని టార్గెట్ పెట్టుకున్న టీంలను అడుగుతున్నాను. మీ ‘ఐదు నిమిషాల్లో మొదలుపెట్టండి’ పేజీని చివరిసారి ఎవరు మొదటి నుంచి చివరిదాకా చేసి చూశారు?

ఒక కొత్త అమ్మాయి ఆ పేజీతో కూర్చుందనుకోండి. మొదటి కమాండ్ కాపీ చేసింది, ‘పర్మిషన్ డినైడ్’ అని వచ్చింది. మీ లాప్‌టాప్‌లో ఎప్పుడో ఇచ్చుకున్న అనుమతి తన దగ్గర లేదు. ఎలాగో దాటింది. రెండో మెట్టులో ఇంపోర్ట్ చేయమన్న పేరు లైబ్రరీ కొత్త వెర్షన్‌లో మారిపోయింది. మూడో మెట్టులో ‘ఎడమవైపు సెట్టింగ్స్ నొక్కండి’ అని ఉంది, ఆ బటన్ పైకి జరిగి చాలాకాలమైంది. నాలుగో మెట్టులో ‘మీ ఏపీఐ కీ ఇక్కడ పెట్టండి’ అన్నారు, ఆ కీ ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. అప్పటికి నలభై నిమిషాలయ్యాయి. ఆమె మీకు ఫిర్యాదు కూడా రాయదు. ట్యాబ్ మూసేసి వేరే టూల్ వెతుక్కుంటుంది.

ఇప్పుడు పేమెంట్ల కంపెనీ స్ట్రైప్ ఏం చేసిందో చూడండి. మీరు లాగిన్ అయి వాళ్ళ డాక్యుమెంటేషన్ తెరిస్తే ఉదాహరణ కోడ్‌లో మీ టెస్ట్ కీ ముందే వచ్చి కూర్చుంటుంది. కాపీ చేస్తే నడుస్తుంది. కార్డు నంబర్ దగ్గర 4242 అని నాలుగుసార్లు కొట్టి, ఇంకా రాని ఏదో ఒక తేదీ, ఏవో మూడంకెలు వేస్తే ఉత్తుత్తి చెల్లింపు పూర్తవుతుంది. ఆ కార్డు నంబర్ ప్రపంచంలో ఎందరో డెవలపర్లకి కంఠతా వచ్చు. ఏ ప్రకటనకి ఆ భాగ్యం దక్కుతుంది?

నెలకొకసారి కొత్తగా ఫార్మాట్ చేసిన మెషీన్ మీద మీ ముఖ్యమైన పేజీలన్నీ చేసి చూడండి. పేజీ పైనే తేదీ, ఏ వెర్షన్ మీద పరీక్షించారో వేయండి. మీ టూల్ ఇచ్చే ప్రతి ఎర్రర్ మెసేజ్‌కీ ఒక పేజీ ఉండాలి, ఆ మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా శీర్షికలో ఉండాలి. చిక్కులో ఉన్న డెవలపర్ వెతికేది ఆ అక్షరాలనే.

8. తెలుగులో కూడా చెప్పండి

డెవలపర్లందరికీ ఇంగ్లీషు వచ్చుగా అంటారు. చదవడం వచ్చు. కానీ జావా, పైథాన్ పాఠాలు తెలుగులో చెప్పే యూట్యూబ్ ఛానళ్ళకి ఇంజినీరింగ్ విద్యార్థులు ఊరికే వెళ్ళడం లేదు. కష్టమైన సంగతి సొంత భాషలో వింటే ఒక్కసారికే ఎక్కుతుంది. అలాగని ప్రతి పదాన్నీ తర్జుమా చేయకండి. క్లాసులో మంచి సారు మాట్లాడే తెలుగు రాయండి. ఉదాహరణకి:

‘వెబ్‌హుక్ అంటే, పేమెంట్ అయిందా అని మీరు పదేపదే అడగక్కర్లేకుండా, అవ్వగానే మా సర్వరే మీ సర్వర్‌కి కబురు పంపడం. మీ వైపు నుంచి 200 అని బదులు రాకపోతే మళ్ళీ పంపుతాం. కాబట్టి ఒకే కబురు రెండుసార్లు వచ్చినా డబ్బు రెండుసార్లు జమ కాకుండా మీ కోడ్ చూసుకోవాలి.’

ఈ మూడు వాక్యాలు తెలుగులో చదివిన జూనియర్ ఇంజినీరు రేపు ప్రొడక్షన్‌లో ఒక పెద్ద తప్పు చేయకుండా ఉంటారు.

9. ఏఐ రాయగలిగింది మీరు రాయకండి

‘ఏపీఐ అంటే ఏమిటి’, ‘క్లౌడ్ వల్ల పది లాభాలు’ లాంటివి ఇప్పుడు ఎవరూ మీ దగ్గరికొచ్చి చదవరు. చాట్‌జీపీటీని అడుగుతారు. మీరు కూడా దానితోనే రాయించి పేజీలు నింపితే, డెవలపర్ తన దగ్గర ఉన్నదాన్నే మీ దగ్గర మళ్ళీ చూస్తారు. మీకు మాత్రమే తెలిసినవి రాయండి. మీ సర్వర్ మీద మీరు కొలిచిన వేగం, ఆ కొలత తీసిన పద్ధతి, ఎవరైనా మళ్ళీ కొలుచుకునేలా కోడ్. మీ కస్టమర్లు నిజంగా పడిన తిప్పలు. డేటాబేస్ మార్చినప్పుడు మీరు వేసుకున్న లెక్క ఎక్కడ తప్పింది. ఇవి ఇంకే యంత్రం దగ్గరా దొరకవు.

10. వ్యూస్ లెక్కపెట్టడం మానేయండి

డెవలపర్లలో యాడ్ బ్లాకర్ వాడేవాళ్ళు ఎక్కువ, కాబట్టి మీ లెక్క ఎలాగూ తక్కువే చూపిస్తుంది. పైగా ఇవాళ చదివినవాళ్ళు కొనేది వచ్చే ఏడాది, అదీ వేరే కంపెనీలో చేరాక, అక్కడి మేనేజరు చేత కొనిపిస్తారు. ఆ దారి ఏ షీటులోనూ కనబడదు. వారం వారం వ్యూస్ చూసుకునే టీం చివరికి గోలచేసే శీర్షికల వైపు జారిపోతుంది.

లెక్కపెట్టాల్సినవి వేరే ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి కాల్ విజయవంతం కావడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది? ఒక పేజీ రాశాక ఆ ప్రశ్నతో వచ్చే సపోర్ట్ టికెట్లు తగ్గాయా? వేరే కంపెనీ ఇంజినీర్లు తమ సహోద్యోగులకి మీ పేజీ లింకు పంపుకుంటున్నారా?

ఈ పదింటిలో అన్నీ ఒకేసారి చేయలేరు, చేయనివ్వరు కూడా. ఏడోదానితో మొదలుపెట్టండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ కంపెనీలో కొత్తగా చేరిన ఒకరిని పిలిచి, కొత్త లాప్‌టాప్ ఇచ్చి, మీ మొదటి పేజీ తెరిచి, పక్కన కూర్చోండి. నోరు విప్పకండి, సాయం చేయకండి. ఎక్కడెక్కడ ఆగారో రాసుకుని, ఆ రోజే ఆ చోట్లు దిద్దండి. డెవలపర్ సమయం వృథా చేయని కంపెనీకి డెవలపర్లే మార్కెటింగ్ చేస్తారు.